మా పారిజాతాన్ని కత్తిరించడం నేర్చుకున్న మూడేళ్లు

2022 మే నెలలో, రోహిణి కార్తె మొదలయ్యే రోజుల్లో, మా పెరట్లో చెట్లన్నీ ఒకే పూటలో కొట్టించేశాను. రాజమండ్రిలో మాది పాత ఇల్లు. వెనకాల చుట్టూ గోడ ఉన్న పెరడు, అందులో నేల మీద ఒక పారిజాతం, ఒక నందివర్ధనం, ఎర్ర గన్నేరు, మూలన దేవగన్నేరు. మెట్ల పక్కనా డాబా మీదా కుండీల్లో మందారాలు, కాగితం పూలు, మర్రి జాతి అలంకారపు మొక్క ఫైకస్ ఒకటి ఉన్నాయి. పారిజాతం కొమ్మలు గోడ దాటి పక్కింటివాళ్ల బట్టల దండెం మీద ఆకులు రాలుస్తున్నాయని వాళ్లు రెండుసార్లు మర్యాదగానే చెప్పారు. మూడోసారి చెప్పించుకోకూడదని తొందరపడి, దొరికిన మనిషిని పిలిచి, "అన్నీ నా భుజం ఎత్తుకి సమంగా కొట్టెయ్" అన్నాను. ఆయన నేను చెప్పిందే చేశాడు. తప్పు నాదే.

ఆయన తెచ్చింది కొబ్బరిబొండాలు కొట్టే కత్తి. పారిజాతం పెద్ద కొమ్మ, నా మణికట్టు కంటే మందం ఉంటుంది, పైనుంచి రెండు దెబ్బలు పడగానే బరువుకి వంగి, పూర్తిగా తెగకుండానే కిందికి జారిపోయింది. పోతూ పోతూ మాను మీద బెరడుని రెండు జానల పొడవు ఊడదీసుకుపోయింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న అత్తయ్య, "అయ్యో, చెట్టు తోలు వలిచేశారే అమ్మాయ్" అని లోపలికి వెళ్లిపోయారు. ఆ చెట్టు ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో పెట్టింది.

ఆ తర్వాత జరిగింది చెప్తాను, ఎందుకంటే వేసవిలో చెట్లు బోడి చేసేవాళ్లని ఇప్పటికీ ప్రతి వీధిలో చూస్తున్నాను. అన్నాళ్లూ ఆకుల నీడలో ఉన్న మానుకి ఒక్కసారిగా 40 డిగ్రీలు దాటిన ఎండ సూటిగా తగిలింది. పడమటి వైపు బెరడు మాడి, నెర్రెలిచ్చింది. వానలు పడ్డాక ప్రతి మొండెం నుంచీ పదేసి పన్నెండేసి చువ్వలు, చీపురుకట్టలా, నిట్టనిలువుగా లేచాయి. చూడ్డానికి పచ్చగానే ఉంది, నేను కూడా "బాగానే చిగిర్చిందిగా" అనుకున్నాను. కానీ ఆశ్వయుజం వచ్చింది, కార్తీకం వచ్చింది, తెల్లారేసరికి చెట్టు కింద చాప పరిచినట్టు పడే పూలు లేవు. రోజుకి గుప్పెడు. నేల మీద రాలిన పూలని కూడా దేవుడికి పెట్టొచ్చన్న మినహాయింపు పారిజాతానికి ఉంది కదా, అత్తయ్య రోజూ తెల్లవారుజామునే పళ్లెం పట్టుకుని వెళ్లి ఏరుకొచ్చేవారు. ఆ ఏడాది పళ్లెం తీసుకెళ్లడం మానేసి చేత్తోనే తెచ్చేవారు. ఒక్క మాట కూడా అనలేదు. అనుంటేనే నాకు తేలికగా ఉండేదేమో.

డిసెంబరులో కుండీలు కొనడానికి కడియం వెళ్లాను. మా ఊరి నుంచి గంట కూడా పట్టదు. కడియపులంక దగ్గర రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే. ఒక నర్సరీలో పెద్దాయన ఒకరు మొక్కలని గుండ్రంగా కత్తిరిస్తూ కూర్చున్నారు. కుండీలు ఆటోలో ఎక్కిస్తుంటే, ఎందుకో ఆగి, ఫోనులో మా పారిజాతం ఫొటో చూపించాను. ఆయన కళ్లజోడు పైకి లాక్కుని చాలాసేపు చూశారు.

"ఆయ్, దీన్ని కత్తిరింపనరండి, నరుకుడంటారండి" అన్నారు. కోపంగా కాదు, బాధగా. తర్వాత అడిగారు, "ఏ చెట్టు ఏ కొమ్మకి పూస్తాదో ఎప్పుడన్నా చూసేరా అమ్మగారూ?"

చూడలేదు. పదిహేనేళ్లుగా ఆ చెట్ల మధ్య తిరుగుతూ, నీళ్లు పోస్తూ, పూలు కోస్తూ, ఆ పూవు పాత కొమ్మకి వచ్చిందా, ఈ ఏడు వేసిన కొత్త చిగురుకి వచ్చిందా అని ఒక్కసారి కూడా చూడలేదు. ఆ ప్రశ్న దగ్గరే నా నేర్చుకోవడం మొదలైంది.

ఆయన అరగంట కూర్చోబెట్టి చూపించారు. కొమ్మ మీద కణుపులుంటాయి, కణుపు దగ్గర కన్ను ఉంటుంది, అంటే చిగురు వచ్చే చిన్న బుడిపె. కొమ్మ కొస బతికున్నంతకాలం కింది కళ్లు నిద్రపోతాయి, ఎందుకంటే కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ వాటిని లేవనివ్వదు. కొస కత్తిరిస్తే ఆ కట్టడి పోయి కింది కళ్లు తెరుచుకుంటాయి. ఆయన హార్మోను అనలేదు, "తల తీస్తే తమ్ముళ్లు లేస్తారండి" అన్నారు. కాబట్టి మనకి కొత్త కొమ్మ ఎటు వైపు కావాలో అటు చూస్తున్న కన్ను వెతుక్కుని, దానికి పావు అంగుళం పైన, నీళ్లు కన్ను మీదికి జారకుండా వెనక్కి వాలుగా కోయాలి. మరీ పైన కోస్తే ఆ మిగిలిన ముక్క ఎండి, ఆ ఎండు కిందికి దిగుతుంది. మరీ దగ్గరగా కోస్తే కన్నే పోతుంది.

పెద్ద కొమ్మలది వేరే కథ. కొమ్మ మాను నుంచి బయలుదేరే చోట చుట్టూ ఉంగరంలా కాస్త ఉబ్బి ఉంటుంది, చేత్తో తడిమితే తెలుస్తుంది. ఆ ఉంగరాన్ని కోయకూడదు, దాని బయట నుంచే కోయాలి. మానుకి నున్నగా చెక్కేసినట్టు కోస్తే చూడ్డానికి నీటుగా ఉంటుంది గానీ గాయం మూసుకునే కణజాలం ఉండేది ఆ ఉంగరంలోనే. ఈ సంగతి మీద అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేల చెట్లని నిలువునా కోసి పరిశీలించాడని తర్వాత చదివాను. ఆయన చెప్పినదాంట్లో నాకు బాగా పట్టుకున్నది ఒకటుంది. మన చర్మం మానినట్టు చెట్టు గాయం మానదు. లోపల పాడైన భాగం చుట్టూ గోడ కట్టేసి, పైన కొత్త కణజాలంతో మూసేసుకుంటుంది. ఆ పాడైన భాగం లోపల అలాగే ఉండిపోతుంది. అంటే మేము పెట్టిన గాయం మా పారిజాతం లోపల ఎప్పటికీ ఉంటుంది.

బెరడు చీలకుండా బరువైన కొమ్మ తీయాలంటే మూడు కోతలు కావాలి. మాను నుంచి జానెడు దూరంలో ముందు కింది నుంచి పైకి మూడో వంతు కోయాలి. దానికి రెండంగుళాలు అవతల పైనుంచి కోస్తే కొమ్మ బరువుకి విరిగినా చీలిక ఆ కింది గాటు దగ్గరే ఆగుతుంది. ఆఖరున మిగిలిన మొండెంని ఉంగరం బయట నెమ్మదిగా కోసి తీసేయాలి. ఇంత చిన్న సంగతి తెలిసుంటే మా చెట్టు తోలు దక్కేది.

ఆయన సలహా మీద రెండే పనిముట్లు కొన్నాను. ఒకటి సికేచరు, రెండు బ్లేడులూ కత్తెరలా ఒకదాని పక్కనుంచి ఒకటి జారేది. ఒక బ్లేడు చదునైన దిమ్మ మీద పడే రకం పచ్చికొమ్మని నలిపేస్తుంది, అది ఎండుపుల్లలకి సరిపోతుంది. రెండోది మడిచే చేతిరంపం. బొటనవేలి కంటే మందమైతే రంపమే, సికేచరుతో మెలితిప్పకూడదు. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి వెళ్లేటప్పుడు బ్లేడుని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడుస్తాను. మొదట్లో బద్ధకించేదాన్ని. ఒక మందారం కొమ్మ నల్లగా ఎండిపోతూ పక్క కుండీకి కూడా అదే వచ్చాక మానలేదు.

2023లో శివరాత్రి ఫిబ్రవరి 18న వచ్చింది. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు కదా, ఆ తర్వాతి వారం మొదలుపెట్టాను. ఆ రోజులకి పారిజాతం పూలు అయిపోయి, ఆకు చాలామటుకు రాల్చేసి ఉంటుంది. కొమ్మల అల్లిక మొత్తం కనిపిస్తుంది. వేసవి ముదరకముందే కొత్త ఆకు వేసుకుని మానుకి నీడ ఇచ్చుకుంటుంది, వానల్లో పెరిగిన కొత్త కొమ్మల చివర్న పూస్తుంది. నేను మేలో కొట్టించినప్పుడు ఈ లెక్కంతా చెడగొట్టాను.

అయినా ఆ రోజు కత్తెర పట్టుకున్నాక చెయ్యి ఆడలేదు. భయం వేసింది. అప్పుడు ఒక పని చేశాను, ఇప్పటికీ అదే చేస్తున్నాను. పూజ గదిలోంచి ఎర్ర దారం ఉండ తెచ్చుకుని, తీసేయాలనుకున్న ప్రతి కొమ్మకీ దారం కట్టాను. ముందు ఎండినవి, అవి అనుమానం లేనివి. తర్వాత ఒకదాన్నొకటి రాసుకుంటున్నవాటిలో బలహీనమైనది, చెట్టు లోపలికి తిరిగి పెరిగేవి, మొదట్లోంచి వచ్చిన పిలకలు. ఆ చీపురుకట్టల్లో ఒక్కో మొండేనికి రెండో మూడో దూరదూరంగా ఉన్నవి ఉంచి మిగిలినవాటికి. కట్టేసి ఊరుకున్నాను. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ చూశాను, సాయంత్రం ఇంకో వైపు నిలబడి చూశాను. మూడు రోజుల్లో దాదాపు సగం దారాలు విప్పేశాను. ఆ కొమ్మ తీస్తే పడమటెండ మళ్లీ మాను మీదే పడుతుందనో, ఈ వంకరది ఇంకో రెండేళ్లకి మంచి కొమ్మ అవుతుందనో తెలిసొచ్చింది. ఒక ఏడాదిలో చెట్టు మీద ఉన్నదాంట్లో నాలుగో వంతుకి మించి తీయకూడదని నియమం పెట్టుకున్నాను. చీపురుకట్టలు మొత్తం సరిచేయడానికి అందుకే మూడేళ్లు పట్టింది.

కోసిన చోట ఏం పూయాలన్నది మా ఇంట్లో పెద్ద చర్చ. అత్తయ్య పేడా పసుపూ కలిపి పూయమంటారు. కడియం పెద్దాయన బోర్డో పేస్ట్ అన్నారు, మామిడి, బత్తాయి తోటల్లో వాడేదే, కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ల లెక్కన. రంగులూ తార్లూ పూయడం వల్ల లోపలి కుళ్లు ఆగదని పరిశోధనలు చెప్తున్నాయి. నా మట్టుకు నేను పొడి రోజుల్లో కోసిన చిన్న గాయాలకి ఏమీ పూయను. వానాకాలంలో తప్పనిసరై మందమైన కొమ్మ తీస్తే బోర్డో పేస్ట్ రాస్తాను. పాత గాయానికి అత్తయ్య అప్పుడప్పుడు పసుపు రాస్తుంటారు, వద్దని చెప్పను.

గన్నేరు గురించి జాగ్రత్తగా చదవండి. ఆకు, పూవు, పుల్ల, పాలు, అంతా విషమే. ఎండినా విషం పోదు. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోను, ఆ చెత్తని తగలబెట్టను, ఎందుకంటే పొగ కూడా మంచిది కాదు. మొదటి ఏడాది ఈ జ్ఞానం లేక కత్తిరించిన రెమ్మలు గేటు బయట కుప్ప పెట్టాను, మునిసిపాలిటీ బండి వస్తే వేద్దామని. వీధిలో తిరిగే ఆవొకటి వచ్చి మూతి పెట్టబోయింది. అత్తయ్య చూసి, చెప్పులు కూడా లేకుండా పరిగెత్తి అదిలించారు. కాసిని ఆకులు తిన్నా పశువు చచ్చిపోతుంది. అప్పటి నుంచి గన్నేరు రెమ్మలు గోనెసంచిలో కట్టి, బండి వచ్చాక నా చేత్తోనే అందిస్తాను.

మందారం సులువైనది, క్షమించే మొక్క. కొత్త చిగుళ్లకే పూస్తుంది కాబట్టి ఫిబ్రవరి చివర్లో మూడో వంతు తగ్గించినా ఆరేడు వారాల్లో మళ్లీ మొగ్గ కనబడుతుంది. పిండినల్లి పట్టిన కొసలన్నీ ఆ కత్తిరింపులోనే పోతాయి. అన్ని కుండీలూ ఒకేసారి కత్తిరించకుండా వారం తేడాతో చేస్తే పూజకి పూలు పూర్తిగా ఆగిపోవు.

కాగితం పూలతోనే ఎక్కువ పొరపాటు చేశాను. రంగురంగుల రేకుల్లా కనిపించేవి నిజానికి ఆకులే, మధ్యలో ఉండే సన్నటి తెల్లది అసలు పూవు. అవి కొత్త రెమ్మల మీదే వస్తాయి. నేను గుండ్రటి ఆకారం చెడకూడదని కొత్త రెమ్మ జానెడు బయటికి రాగానే తుంచేస్తూ వచ్చాను. ఎనిమిది నెలలు ఒట్టి ఆకులు! పూయబోయే రెమ్మలని నేనే తుంచేస్తున్నానని ఒక పొద్దున హఠాత్తుగా తట్టింది. ఇప్పుడు ఒక విడత పూత రాలిపోయాక ఒకేసారి కత్తిరించి, ఆ తర్వాత కత్తెర ముట్టుకోను. నీళ్లు కూడా తగ్గిస్తాను, మట్టి పైన బాగా ఆరాకే పోస్తాను. ముళ్లకి గుడ్డ తొడుగులు పనికిరావు, తోలువి కావాలి.

దేవగన్నేరుకి ప్రతి కొమ్మ కొసనా పూలగుత్తి వస్తుంది. కాబట్టి కొస కోస్తే ఆ కొమ్మకి ఆ ఏడాది పూలు పోయినట్టే అనుకోవాలి, బదులుగా రెండు మూడు కొమ్మలు వేస్తుంది. ఆకు రాల్చి బోసిగా ఉన్న చలికాలం చివర్లో, గోడకి తగిలే ఒక్క కొమ్మ తీశాను. పాలు ధారగా కారాయి, కంట్లో పడకుండా చూసుకోవాలి. ఆ కొమ్మని నీడలో పది రోజులు ఆరబెట్టి, కోసిన చోటు గట్టిపడ్డాక ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి పక్కింటివాళ్లకి ఇచ్చాను. పచ్చిగా గుచ్చితే కుళ్లిపోతుంది. 2024లో వాళ్ల గుమ్మం పక్కన మొదటి గుత్తి పూసింది. ఆవిడ గోడ మీంచి పిలిచి చూపించారు.

ఫైకస్ విషయం పూర్తిగా వేరు, దానికి పైన కాదు, కింద కత్తిరించాల్సి వచ్చింది. రెండేళ్లుగా ఎదుగు లేదు, పోసిన నీళ్లు పోసినట్టే అడుగు నుంచి కారిపోయేవి. 2023 జూలైలో, వానలు పడి ఎండ తగ్గాక, కుండీ పక్కకి పడుకోబెట్టి లాగితే మట్టి కంటే వేళ్లే ఎక్కువ, కుండీ ఆకారంలోనే చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. పాత రొట్టెలు కోసే కత్తితో అడుగున రెండంగుళాలు, చుట్టూ అంగుళం చొప్పున కోసేశాను, చుట్టుకున్న లావు వేళ్లని విడదీసి కత్తిరించాను. వేళ్లు తగ్గితే అన్ని ఆకులకీ నీళ్లు అందించలేవు కాబట్టి పైన కూడా కొంత పలచన చేశాను. ఎర్రమట్టి, వర్మీ కంపోస్టు, కొబ్బరిపొట్టు, గుప్పెడు వేపపిండి కలిపి అదే కుండీలో మళ్లీ పెట్టి, వరండాలో నీడన ఉంచాను. నాలుగో రోజు నుంచి ఆకులు రాలడం మొదలైంది. రోజూ ఊడుస్తుంటే చాలా టెన్షన్ పడ్డాను, చంపేశాననే అనుకున్నాను. ఎరువు వేద్దామా అనిపించింది, వేయలేదు, అది మంచిదైంది. తెగిన వేళ్లకి ఎరువు మంట పెడుతుంది. మూడు వారాలకి కొసల్లో సన్నటి చుట్టల్లా కొత్త ఆకులు కనబడ్డాయి.

2024 జూన్‌లో డాబా మీది పెద్ద కాగితం పూల కుండీకి కత్తెర పెట్టబోతే లోపలి నుంచి పిట్ట ఒకటి విసురుగా ఎగిరింది. కొమ్మలు కొద్దిగా తప్పించి చూస్తే చిన్న గిన్నెలాంటి గూడు, అందులో ఎర్రటి చుక్కలున్న మూడు గుడ్లు. పికిలిపిట్టది. కత్తెర జేబులో పెట్టుకుని దిగొచ్చేశాను. నెల రోజులు ఆ కుండీ జోలికి వెళ్లలేదు, నీళ్లు పోయడం కూడా దూరం నుంచే. రెండు పిల్లలు ఎగిరిపోయాయి. మూడో గుడ్డు ఏమైందో చూడలేదు. ఇప్పుడు ఏ మొక్క కత్తిరించబోయినా ముందు రెండు నిమిషాలు నిలబడి పిట్టల రాకపోకలు చూస్తాను.

వీధి వైపు కరెంటు తీగలకి దగ్గరగా వెళ్లే కొమ్మలు మాత్రం నేను ముట్టుకోను. కరెంటు ఆఫీసుకి చెప్తే లైన్‌మన్ వచ్చి సప్లై ఆపి తీస్తాడు. స్టూలెక్కి రంపంతో సాహసం చేసే పని కాదది.

2024 ఆశ్వయుజంలో పారిజాతం పూసింది. ముందున్నంత కాదు, కానీ అత్తయ్య మళ్లీ పళ్లెం తీసుకెళ్లారు. మాను మీద ఆ రెండు జానల చీలికకి రెండు అంచుల నుంచీ కొత్త బెరడు పెదవుల్లా మందంగా ముందుకొస్తోంది, మధ్యలో ఇంకా మూడు వేళ్ల వెడల్పు కర్ర కనబడుతూనే ఉంది.

2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న అయింది. ఆ శనివారం ఏడు దారాలు కట్టాను. వాటిలో ఒకటి గోడ వైపుకి మళ్లుతున్న కొమ్మ, అది మళ్లీ పక్కింటి దండెం మీదికే పోతుందని. సోమవారం పొద్దున చూస్తే ఆరే ఉన్నాయి. గోడ వైపు కొమ్మకి కట్టిన దారం విప్పేసి, చుట్ట చుట్టి మెట్టు మీద పెట్టి ఉంది. అత్తయ్య లోపల కూర తరుగుతున్నారు. నేనేమీ అడగలేదు. మిగిలిన ఆరూ తీసేసి, ఆ కొమ్మ కొస మాత్రం, ఇంటి వైపు చూస్తున్న కన్ను దగ్గరికి తగ్గించి వదిలేశాను.